ఆటలమ్మ టీకా ఉపకేంద్రం దాకా రావాలి
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రులిద్దరికీ నమస్కారం.

ఒకే ఉత్తరాన్ని రెండు ప్రభుత్వాలకు రాయడానికి కారణం ఉంది. ఏఎన్‌ఎంగా నా ఉద్యోగమంతా భద్రాచలం చుట్టుపక్కల మండలాల్లోనే గడిచింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, నేను టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగిన ఊళ్లలో కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, కొన్ని తెలంగాణలో ఉండిపోయాయి. అక్క ఒక రాష్ట్రంలో, చెల్లెలు మరో రాష్ట్రంలో అయ్యారు. పెళ్లిళ్లకు, జాతరలకు, మిరప కోతలకు రాకపోకలు మాత్రం ఎప్పటిలాగే సాగుతున్నాయి. ఇటువైపు వసతి గృహంలో ఒక పిల్లవాడికి ఆటలమ్మ పోస్తే, పదిహేను రోజులకు అటువైపు వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఇద్దరు పిల్లలకు పోయడం నా కళ్లతో చూశాను. అందుకే ఈ విన్నపం ఇద్దరికీ.

అడగదలచినది ముందే చెబుతాను. ఆటలమ్మను ఆపే టీకాను ప్రతి బిడ్డకూ ఉచితంగా, ఉపకేంద్రంలోనే, బుధ, శనివారాల్లో వేసే మిగతా టీకాలతో పాటు వేయించండి. మొదలుపెట్టేటప్పుడు మాత్రం అరకొరగా మొదలుపెట్టకండి. ఈ రెండో మాట మొదటిదాని కంటే ముఖ్యమని నా నమ్మకం. ఎందుకో రాస్తాను, కాస్త ఓపికగా చదవండి.

నేను 1985లో ఉద్యోగంలో చేరాను. దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది కూడా ఆ ఏడాదే. అప్పుడు మా డబ్బాలో ఆరు జబ్బులకు మందు ఉండేది: క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు. తర్వాత ఒక్కొక్కటిగా కామెర్ల టీకా, రోటా చుక్కలు, రుబెల్లా, న్యుమోనియా టీకాలు వచ్చి చేరాయి. కొన్ని జిల్లాల్లోనే వేసే మెదడువాపు టీకాతో కలిపి ఇప్పుడు పన్నెండు జబ్బుల నుంచి పిల్లలకు ప్రభుత్వమే రక్షణ ఇస్తోంది. ప్రతి కొత్త టీకాకూ మాకు శిక్షణ ఇచ్చారు, కార్డులో కొత్త గడి వేశారు. ఆటలమ్మకు మాత్రం ఆ కార్డులో ఇప్పటికీ గడి లేదు.

చలి తగ్గి ఎండ ముదిరే లోపు ఆటలమ్మ తిరిగే కాలం. పదో తరగతి పరీక్షలు ముంచుకొచ్చేదీ, మిరప కోతలు ముమ్మరంగా సాగేదీ ఆ నెలల్లోనే. ఒక ఫిబ్రవరిలో మా పరిధిలోని ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి పిల్లకు జ్వరం వచ్చి పొక్కులు తేలాయి. వార్డెన్ ఆ పూటే కబురు పంపారు. నేను వెళ్లేసరికి పిల్లను వేరే గదిలో పడుకోబెట్టారు, కంచం, గ్లాసు విడిగా పెట్టారు. అంతా సరిగానే చేశారు. అయినా నెల తిరగకముందే నా నోటు పుస్తకంలో ముప్పై ఎనిమిది పేర్లు ఎక్కాయి. పొక్కు పైకి కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే జబ్బు ఇతరులకు అంటుతుంది. ఒకే హాలులో వరసగా చాపలు పరుచుకుని పడుకునే పిల్లల మధ్య, మనం గుర్తించేసరికే అది నాలుగు వరసలు దాటి ఉంటుంది. ఇంతకుముందు రానివాళ్లు ఒకే ఇంట్లో కలిసి ఉంటే పది మందిలో తొమ్మిది మందికి దాకా అంటుకునే జబ్బు ఇది.

భయపడిన తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లారు. పొక్కులున్నవాళ్లతో పాటు లేనివాళ్లూ వెళ్లారు. వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. నవ్వుతూ బస్సెక్కిన పిల్లలు ఇంటికి వెళ్లాక మంచాన పడ్డారు. అలా ఒక హాస్టల్‌లో పుట్టిన జబ్బు పదకొండు ఊళ్లు తిరిగింది.

అందులో ఒక ఊళ్లో నెలలు నిండిన అమ్మాయి పురుటికి పుట్టింటికి వచ్చి ఉంది. తొలి కాన్పు. ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన తమ్ముడు అక్క పక్కనే పడుకునేవాడు. ప్రసవానికి మూడు రోజుల ముందు ఆమెకు ఒళ్లంతా పోసింది. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంది, పాలు తాగింది. ఎనిమిదో రోజున కడుపు మీద మొదటి పొక్కు కనబడింది. జిల్లా కేంద్రంలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. పన్నెండో రోజున తిరిగి వచ్చాం, బిడ్డ లేకుండా.

తల్లికి ముందెప్పుడో ఆటలమ్మ వచ్చి ఉంటే, ఆమె రక్తంలోని రక్షణ కడుపులోని బిడ్డకు అందుతుంది. ప్రసవానికి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా ఉన్న ఆ వారంలో తల్లికి కొత్తగా పోస్తే, బిడ్డకు వైరస్ చేరుతుంది కానీ రక్షణ చేరడానికి వ్యవధి ఉండదు. అలాంటి బిడ్డలకు పుట్టగానే ఇవ్వవలసిన ఇమ్యునోగ్లోబులిన్ సూదిమందు ఒకటి ఉంది. ఆ రోజు మా దరిదాపుల్లో అది దొరకలేదు. తమ్ముణ్ణి కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచమని నేను ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆ ఊరికి నా వంతు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. పిల్లవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. వాడే మరుసటి ఏడాది హాస్టల్‌కు వెళ్లనన్నాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా పెద్దలు ఒక మాట అంటారు: అది మశూచి కాదు కదా, చిన్నమ్మవారే కదా, అందరికీ వచ్చి పోయేదే కదా అని. నిజమే, చాలామంది పిల్లలకు వారం పది రోజుల్లో పొక్కులు మాడి చెక్కు కడతాయి. నేను చూసిన వాళ్లలో ఎక్కువ మంది అలాగే కోలుకున్నారు. కానీ గోళ్లతో గీరుకున్న పొక్కులు చీము పట్టి ఒళ్లు విషమించిన పసివాళ్లను చూశాను. నడక తడబడి నెల రోజులు గోడ పట్టుకుని నడిచిన ఐదేళ్ల పిల్లను చూశాను. ఊపిరితిత్తులకు పాకి ఆయాసంతో వచ్చిన కూలీని చూశాను, అతనికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఒకసారి వచ్చాక పూర్తిగా పోయే జబ్బు కూడా కాదిది. వైరస్ నరాల మూలాల్లో దాగి ఉండి, ఏళ్ల తర్వాత ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు సర్పిగా (షింగిల్స్) పైకి వస్తుంది. సర్పి మంటకు నిద్ర లేక కూర్చున్న ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ మంటకు మూలం చిన్నప్పటి ఆటలమ్మేనని వాళ్లకు తెలియదు.

ఇప్పుడు అరకొర అన్న మాట దగ్గరికి వస్తాను.

హైదరాబాద్‌లో ఉన్న నా మనవడికి పదిహేనో నెలలో ఒక డోసు, మూడు నాలుగు నెలల తర్వాత రెండో డోసు వేయించాం. భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఆ రెండు డోసులూ సిఫారసు చేస్తోంది. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్కో డోసుకు రెండు వేల రూపాయల పైనే అయింది. అదే నెలలో మా వీధిలో మిరప కోతకు వెళ్లే తల్లి తన బిడ్డ కార్డు తెచ్చి, పట్నంలో ఏదో కొత్త టీకా వేస్తున్నారట, మా బిడ్డకు ఎప్పుడు వేస్తారమ్మా అని అడిగింది. పది రోజుల కూలి డబ్బు పోసి కొనుక్కోవలసిన టీకా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ గుమ్మాల ముందు నిలబడి, ఇది ప్రభుత్వం మీ బిడ్డకు ఉచితంగా ఇస్తున్నది, తప్పకుండా రండి అని చెప్పిన మనిషిని నేను.

ఇది డబ్బున్నవాళ్లకు ఒక సౌకర్యం, లేనివాళ్లకు ఒక లోటు అన్నంత వరకే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. చిక్కు అంతకంటే లోతైనది. సగం మంది పిల్లలకే టీకా పడితే ఊళ్లో వైరస్ తిరగడం నెమ్మదిస్తుంది, ఆగిపోదు. టీకా పడని బిడ్డకు ఐదేళ్ల వయసులో రావలసిన జబ్బు ఆ వయసులో ఎదురుపడదు. ఇరవై ఏళ్లకు, ఇరవై ఐదేళ్లకు ఎదురుపడుతుంది. ఆ వయసులో వస్తే న్యుమోనియా ముప్పు ఎక్కువ, ఆడపిల్ల అయితే కడుపుతో ఉండే వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇదే హెచ్చరిక చేసింది: టీకాను కార్యక్రమంలో చేర్చే దేశం నూటికి ఎనభై మందికి తగ్గకుండా పిల్లలకు వేయగలగాలి, ఇరవైకీ ఎనభైకీ మధ్య చాలా కాలం ఆగిపోతే జబ్బు పెద్ద వయసుకు జరిగి నష్టం పెరగవచ్చు. పైగా మనలాంటి వేడి దేశాల్లో చిన్నప్పుడు ఆటలమ్మ రాకుండానే పెద్దవాళ్లయ్యేవారు చలి దేశాల్లో కంటే ఇప్పటికే ఎక్కువ. పట్నాల్లో ప్రైవేటు టీకాలు ఇలాగే పెరుగుతూ పోయి, పల్లెకు ఏమీ రాకపోతే, ఆ భారం ఎవరి మీద పడుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. కొనుక్కుని వేయించినవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. బిడ్డను కాపాడుకున్నారు. వాళ్లు మొదలుపెట్టినదాన్ని పూర్తి చేయవలసింది ప్రభుత్వం.

ఈ టీకా కొత్తదేమీ కాదు. జపాన్‌కు చెందిన మిచియాకి తకహాషి అనే వైద్యుడు 1960లలో అమెరికాలో పరిశోధన చేస్తున్నప్పుడు ఆయన మూడేళ్ల కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా పోసింది. ఆ తండ్రి రాత్రంతా పక్కన కూర్చుని చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. స్వదేశానికి తిరిగి వెళ్లాక ఒసాకాలో ఈ వైరస్ మీదే పట్టుబట్టి పరిశోధన చేశాడు. ఓకా అనే ఇంటిపేరున్న ఒక పసివాడి పొక్కుల నుంచి తీసిన వైరస్‌ను కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి బలహీనపరిచి, 1974 నాటికి టీకా తయారు చేశాడు. ఇవాళ ప్రపంచంలో వేస్తున్న ఆటలమ్మ టీకాల్లో దాదాపు అన్నీ ఆ ఓకా వైరస్ నుంచి వచ్చినవే. మా మనవడి చేతికి సూది వేస్తున్నప్పుడు నాకు ఆ పసివాడే గుర్తొచ్చాడు.

అమెరికా 1995లో దీన్ని పిల్లలందరికీ వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు అక్కడ ఏటా 40 లక్షల మందికి ఆటలమ్మ వచ్చేది, పది వేలకు పైగా ఆసుపత్రి పాలయ్యేవారు, 100 నుంచి 150 మంది దాకా చనిపోయేవారు. అంత వైద్యం ఉన్న దేశంలో. మొదట ఒక్క డోసే వేశారు. జబ్బు బాగా తగ్గింది కానీ బడుల్లో మళ్లీ మళ్లీ తలెత్తడంతో 2006లో రెండో డోసు చేర్చారు. మొదటి పాతికేళ్లలో 9 కోట్ల 10 లక్షల మందికి జబ్బు రాకుండా, సుమారు 2,000 మరణాలు జరగకుండా ఆపామని వాళ్ల అంచనా. టీకా పుట్టిన జపాన్ మాత్రం పిల్లలందరికీ వేసే కార్యక్రమంలో దీన్ని 2014 దాకా చేర్చలేదు. బ్రిటన్ అంతకంటే ఆలస్యం చేసింది. పిల్లల్లో ఆటలమ్మ తగ్గితే, అప్పుడప్పుడూ వైరస్ తగిలి పెద్దల్లో నిలిచే రక్షణ సడలి సర్పి పెరుగుతుందేమోనని అక్కడి నిపుణులు ఏళ్ల తరబడి సందేహించారు. అమెరికా అనుభవంలో ఆ భయం నిజం కాలేదని చూశాకే 2023 నవంబరులో టీకాకు సిఫారసు చేశారు, 2026 జనవరి నుంచి వేయడం మొదలుపెట్టారు. వాళ్ల సందేహాన్ని నేను తప్పుపట్టను. దానికి జవాబు దొరికాక ఆగలేదు, అది చూడండి.

మన దగ్గర ఆగిపోవడానికి కారణం వేరు. లెక్క లేదు. సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004 నుంచి నడుస్తోంది. వారం వారం వచ్చే నివేదికల్లో ఆటలమ్మ ప్రబలిందన్న వార్త తరచుగా కనబడుతుంది. అయితే అక్కడికి చేరేవి ఎక్కువగా ఒకేచోట పది, ఇరవై మందికి వచ్చిన సందర్భాలే. ఇంట్లో ఒకరిద్దరికి పోస్తే ఎవరూ ఆసుపత్రికి రారు. అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు వేయరు, గుమ్మానికి వేప మండలు కడతారు, చలువ చేసే తిండి పెడతారు, పదకొండో రోజో ఎప్పుడో వేపాకు, పసుపు నీళ్లతో స్నానం చేయించి గుడికి వెళ్తారు. ఆ ఇంటి జబ్బు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. రిజిస్టరులో లేదు కాబట్టి భారం లేదంటారు, భారం లేదు కాబట్టి టీకా అవసరం లేదంటారు. ఈ మెలిక విప్పగలిగేది మీరే. ప్రతి అంగన్‌వాడీ, ప్రతి వసతి గృహం, ప్రతి ఆశా కార్యకర్త ఆటలమ్మ కేసు వయసుతో సహా రాసి పంపాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. వయసు గడి తప్పకుండా ఉండాలి. ఏ వయసువాళ్లకు వస్తోందో తెలియకుండా ఈ టీకా మీద ఏ నిర్ణయమైనా గుడ్డిదే.

డబ్బు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే ఫైలు ఆగేది అక్కడే. కామెర్ల టీకా విదేశాల నుంచి వచ్చినన్నాళ్లు అది ధనికుల టీకా. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలో మొదటిసారిగా దాన్ని తయారు చేశాక ధర నేలకు దిగింది. తర్వాతి ఏళ్లలో అది ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది, నా చేతులతోనే వేల మంది పసివాళ్లకు వేశాను. రోటా టీకాను హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారు చేసింది. 2016లో ఆ చుక్కలు వేయడం మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రెండు వేలన్నది ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క సీసా అమ్మే ధర. లక్షల డోసులకు ప్రభుత్వాలు మాట ఇస్తే ఆ ధర నిలవదు. ప్రపంచానికి టీకాలు పంపే నగరం మన మధ్యనే ఉంది, వాళ్లను పిలిచి మాట్లాడండి.

ఇది కేంద్రం నిర్ణయించవలసిన విషయమని అధికారులు మీకు చెబుతారు. జాతీయ టీకా సలహా బృందం సిఫారసు చేయాలి, కేంద్ర ఆరోగ్య శాఖ ఒప్పుకోవాలి, అది నిజమే. కానీ సిక్కిం 2018లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే టీకాను తన ఆడపిల్లలకు వేసుకున్నప్పుడు దేశమంతా సిద్ధమయ్యేదాకా ఆగలేదు. రాష్ట్రం లెక్కలు చూపించి అడిగితే ఢిల్లీలో ఆ మాటకు బరువు ఉంటుంది. రెండు రాష్ట్రాలూ కలిసి అడిగితే మరింత ఉంటుంది.

ఎలా వేయాలన్నది నాకు బాగా తెలిసిన పని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. తల్లుల్ని కొత్తగా ఇంకోసారి రప్పించవద్దు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య తట్టు, రుబెల్లా టీకా రెండో డోసుకు ఎలాగూ వస్తారు. ఆ రోజే ఆటలమ్మ మొదటి డోసు వేరే చోట విడిగా వేయవచ్చు. రెండూ బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినవే. ఒకే రోజు వేస్తే ఇబ్బంది లేదు, ఆ రోజు తప్పితే నాలుగు వారాలు ఆగాలి. రెండో డోసు ఐదేళ్లు నిండాక వేసే డీపీటీ బూస్టర్‌తో పాటు వేస్తే సరిపోతుంది, బడిలో చేరే వేళకు బిడ్డ సిద్ధంగా ఉంటుంది. మందు కలిపాక త్వరగా వాడేయవలసిన టీకా కాబట్టి ఒక్క డోసు సీసాలే పంపండి. పది మంది పోగయ్యేదాకా తల్లిని కూర్చోబెట్టే పరిస్థితి రాకూడదు.

మొదలుపెట్టే చోటు విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. తట్టు, రుబెల్లా రెండో డోసు నూటికి తొంభై మందికి నిజంగా అందుతున్న జిల్లాల్లోనే ముందు మొదలుపెట్టండి. కాగితం మీద తొంభై కాదు, కార్డులు చేతికి తీసుకుని ఇంటింటా చూస్తే తొంభై. అంత అందని చోట ముందు ఏఎన్‌ఎం ఖాళీలు నింపండి, టీకాలు చల్లగా ఉంచే పరికరాలు బాగు చేయించండి, తర్వాతే ఆటలమ్మ టీకా పంపండి. నేను పనిచేసిన మండలాలు ఆ మొదటి జాబితాలో ఉండవేమో. అది తెలిసే రాస్తున్నాను. సగం మందికి వేసి వదిలేయడం కంటే ఏడాది ఆలస్యం మేలు. అయితే ఆ లోపు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉన్న పిల్లలకు, ముందు ఆటలమ్మ రాని ఆసుపత్రి సిబ్బందికి వేయడానికి ఏ అడ్డూ లేదు. హాస్టల్‌లో మొదటి కేసు కనబడిన మూడు రోజుల్లోపు మిగతావాళ్లకు టీకా వేస్తే చాలామందిలో జబ్బును ఆపవచ్చు, వచ్చినా తేలికగా పోతుంది. ఆ ఫిబ్రవరిలో నా దగ్గర ఆ సీసాలు ఉండి ఉంటే ముప్పై ఎనిమిది పేర్లు రాసేదాన్ని కాదు.

ఇది వేయకూడనివాళ్లూ ఉన్నారు. గర్భిణులకు వేయరు. రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పిల్లలకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు మామూలుగా వేయరు. ఆటలమ్మ వస్తే ప్రాణం మీదకు వచ్చేది వాళ్లకే. ఇంట్లో అన్నకూ చెల్లికీ, బడిలో పక్క బెంచీ పిల్లలకూ టీకా పడి ఉండడమే వాళ్లకు రక్ష. మిగతా పిల్లల్లో సూది వేసిన చోట నొప్పి, కాస్త జ్వరం, ఎప్పుడైనా నాలుగైదు పొక్కులు తప్ప పెద్ద ఇబ్బంది చాలా అరుదు.

అమ్మవారిని నమ్మే ఇళ్లు టీకా వేయించుకోవనే భయం పెట్టుకోకండి. నా ఎడమ చేతి మీద మశూచి టీకా మచ్చ ఇప్పటికీ రూపాయి బిళ్లంత ఉంది. మా అమ్మ ముత్యాలమ్మకు మొక్కుకునే నన్ను టీకాల వాళ్ల ముందుకు తీసుకెళ్లింది. మశూచి పోయింది, ముత్యాలమ్మ గుడి ఉంది, జాతర జరుగుతూనే ఉంది. నా ఉద్యోగంలో ఏ గుమ్మానికీ ఉన్న వేప మండ తీయమని నేను చెప్పలేదు. ఆ మండను చూసి బయటివాళ్లు లోపలికి రారు, అది మంచిదే. జ్వరానికి ఆస్పిరిన్ వేయవద్దని, గోళ్లు కత్తిరించమని, కడుపుతో ఉన్నవాళ్లను దూరంగా ఉంచమని మాత్రం చెప్పేదాన్ని. విన్నారు. టీకా ఉండి ఉంటే అదీ చెప్పేదాన్ని, అదీ వినేవారు.

నా దగ్గర ఏడు నోటు పుస్తకాలు ఉన్నాయి. ఏ ఊళ్లో, ఏ హాస్టల్‌లో, ఏ నెలలో, ఏ వయసువాళ్లకు ఆటలమ్మ వచ్చిందో నాకు తెలిసినంత మేరకు రాసి పెట్టుకున్నాను. అవి ప్రభుత్వ లెక్కలు కావు, ఒక ఏఎన్‌ఎం సొంతంగా రాసుకున్నవి. పేర్లు తీసేసి మీ అధికారులకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరినైనా పంపితే ఒక్కో పేజీ దగ్గర కూర్చుని వివరిస్తాను. ఫిబ్రవరి లోపు పంపించండి, ఆ నెలలోనే హాస్టళ్లలో మళ్లీ మొదలవుతుంది.

ఇట్లు,
విశ్రాంత ఏఎన్‌ఎం,
భద్రాచలం